లింగమయ్య లోయలో ఒక పగలు

హుజూర్‌నగర్‌లో తెల్లారగట్ల మూడింటికే బయల్దేరి మిర్యాలగూడ, దేవరకొండ, డిండి మీదుగా నల్లమల చేరాం. సలేశ్వరం జాతర. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కదా, చైత్ర పౌర్ణమి రోజుల్లోనే ఇటు రానిస్తారు. "వస్తున్నాం లింగమయ్యా" అని కేకేస్తూ లోయలోకి దిగాం. ఒకచోట దారి ఒక్క మనిషి పట్టేంతే. చెయ్యి బండకు ఆనించి నడుస్తుంటే రాయి చల్లగా, చెమ్మగా తగిలింది. పైనేమో ఏప్రిల్ ఎండ! గుండంలో దిగితే పళ్లు టకటకా కొట్టుకున్నాయి. గుహలో లింగమయ్యకు పూజ చేసేది చెంచులే. ఈ అడవీ వాళ్లదే అనిపిస్తుంది నాకు.

వాగు రాళ్ల సందుల్లో ఇరుక్కున్న ప్లాస్టిక్ సీసాలు చూసి మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఎనిమిదిమందిమీ తలా ఓ సంచి నింపుకుని, "పోయొస్తాం లింగమయ్యా" అంటూ పైకెక్కాం.