మా పుట్టినింటి పొగాకు బ్యారనులు

పుణ్యక్షేత్రములను, కొండలను, జలపాతములను దర్శించి వచ్చినవారు వ్రాసిన వ్యాసములను సోదరీమణులు అనేకములు చదివియుందురు. నేనిప్పుడు చెప్పబోవు వానికి గోపురములు లేవు, స్థలపురాణము లేదు. ఒంగోలునుండి టంగుటూరు మీదుగా కొండపి వైపు పోవునపుడు, చేల నడుమ ఎత్తైన ఇటుకగదులు ఒంటరిగా నిలిచి కనబడును. వానినే మా ప్రాంతమున పొగాకు బ్యారనులందురు.

గడచిన మాఘమాసమున మా తమ్ముడు, ఇంటి వెనుక చేనిలోని పాత బ్యారనును పడగొట్టించుచున్నాననియు, ఇటుకలకు బేరము కుదిరినదనియు కబురు చేసెను. నాకు మనసు నిలువలేదు. అది కూలకముందే ఫొటో తీయించి దాచుకొనవలెనని ప్రయాణమైతిని. తమ్ముని కుమార్తెకు కెమేరా పనిలో మంచి నేర్పు కలదు. ఆ పిల్లయే నాకు తోడు.

మరునాటి యుదయము ఆరుగంటలకే బయలుదేరితిమి. మా చేనికి చేరుటకు ముందు దారిలోని బ్యారనులను గూడ చూచితిమి. కొన్ని యింకను పనిలో నున్నవి. గొట్టములనుండి పొగ సన్నగా లేచుచుండెను. కొన్నింటికి పైకప్పు లేదు. గోడల నెఱ్ఱెలలో రావిమొక్కలు మొలచినవి. ఒకదానిలో మేకలను కట్టివేసిరి. చుట్టునున్న పొలములలో పలుచోట్ల పొగాకునకు మారుగా శనగయు, జామాయిలును కనబడెను. పంట పోయిన చోట బ్యారనునకు పనిలేదు.

“అత్తా, మధ్యాహ్నపు ఎండలో గోడ చప్పగా ఉంటుంది. ఇప్పుడైతే ఇటుక ఇటుకా లెక్కపెట్టవచ్చు” అని మేనకోడలు చెప్పెను. నిజమే. ఏటవాలు ఎండలో, పొయ్యి నోటిపై పట్టిన మసియు, వానకు కరిగిన సున్నపు చారలును స్పష్టముగ తెలియుచుండెను.

వర్జీనియా పొగాకు మనకు అనాదిగా ఉన్న పంట కాదు. 1920లో గుంటూరు ప్రాంతమున దానిని తొలుత వేసిరి. అంతకు పూర్వము మనవారెరిగిన నాటుపొగాకును ఎండలోనో, పందిరి నీడనో ఆరవేసెడివారు. ఈ క్రొత్త ఆకు బంగారురంగు తేలవలెనన్న వేడిగది కావలసి వచ్చెను. అయితే పొగ ఆకును తాకరాదు. సెగ మాత్రమే తాకవలెను. అందుచే పొయ్యిని గోడకు వెలుపలి వైపున పెట్టుదురు. దానినుండి రేకుగొట్టములు గది లోపల నేలవెంబడి చుట్టివచ్చి, పొగను బయటికి కొనిపోవును. వానిపైని, అంతస్తులుగా అమర్చిన వాసములమీద, ఆకు కట్టిన కర్రలు వ్రేలాడును.

పాలు కాచుట యెరిగినవారికి ఈ పని సులభముగ బోధపడును. మొదట ఒకటి రెండు దినములు సుమారు 35 డిగ్రీల సన్నసెగలో ఆకు పండును. పిమ్మట క్రమక్రమముగా సెగ హెచ్చించి, కడపట 70 డిగ్రీల వరకు తెచ్చి ఈనెను ఎండబెట్టుదురు. మొత్తము అయిదారు దినములు పట్టును. తొందరపడినచో ఆకు పచ్చగనే నిలిచిపోవును. ఎండిన ఆకు జారి కాగిన గొట్టముపై పడినచో బ్యారను అంటుకొనుటయు కలదు. ఇందుకు కట్టెయు విస్తారముగ కావలెను. కిలో ఆకును కాల్చి తీయుటకు నాలుగైదు కిలోల కట్టె పోవును. మా చిన్నతనమున బండ్లకొలది వచ్చిన కట్టె ఏ అడవిదో మేమెన్నడును అడుగలేదు.

మేము మా బ్యారను చేరి తలుపు ఫొటో తీయుచుండగా, మా పెదనాన్నగారి భార్య చేతికర్ర ఊతగా వచ్చి అరుగుపై కూర్చుండెను. కొంతసేపు చూచి, “గోడకు ఫొటో ఏమిటే అమ్మాయీ? గోడ ఆకు అల్లిందా?” అనెను.

నాకు సమాధానము తోచలేదు. ఆమె లేచి, బ్యారను ముంగిట పందిరి ఉండిన చోటు చూపెను. అక్కడ ఆడువారు ఎదురెదురుగా కూర్చుండి, రెండు మూడేసి ఆకులను పురికొసతో కర్రకు అటొకటి ఇటొకటిగా ముడివేసెడివారు. కర్రకు నూరాకుల వరకు పట్టును. చంటిబిడ్డల ఊయెలలు పందిరి గుంజలకే వ్రేలాడెడివి. “చేతికి పట్టిన బంక సబ్బుకు పోయేది కాదు. అన్నం ముద్ద చేదు. ముద్ద చేదని బిడ్డ తినకపోతే వాణ్ణే కోప్పడేదాన్ని” అని పెద్దమ్మ చెప్పెను.

నాకు పండ్రెండేండ్ల నాటి సంగతి జ్ఞప్తికి వచ్చెను. మంచుకు తడిసిన పచ్చియాకు ఉదయమంతయు మోసితిని. సాయంకాలమునకు తల తిరిగి, వాంతులై పడిపోతిని. దిష్టి తగిలెనని ఉప్పు, మిరపకాయలు తిప్పిరి. అది దిష్టి కాదు. తడియాకునందలి నికోటిన్ చర్మము గుండ రక్తమున చేరుటచే కలుగు జబ్బు. చేతితొడుగులు వేసికొని, తడిసిన బట్టలు వెంటనే మార్చుకొన్నచో చాలవరకు తప్పును.

“నువ్వు ఒక్కరోజే పడ్డావు. మాకు సీజనంతా అంతే. చింతపండు చప్పరించి మళ్ళీ కూర్చునేవాళ్ళం.”

ఆ రాత్రి మా తండ్రిగారి లెక్కల పుస్తకము తీసి చూచితిని. కట్టెలకెంత, గొట్టములకెంత, రాత్రి కావలివానికెంత, కూలి ఆడువారికెంత అని దస్తూరి చక్కగా నున్నది. మా అమ్మయు పెద్దమ్మయు అన్నేండ్లు అల్లిన కర్రలకు మాత్రము ఒక్క పంక్తియు లేదు. ఆ పంటతోనే మా యిల్లు లేచినది, నా పెండ్లి జరిగినది, తమ్ముడు చదివినాడు. ఆ యాకు, దానిని కాల్చి పీల్చినవారి ఊపిరితిత్తులకు చేసిన కీడును నేనెరుగుదును. అందుచే ఆ బ్యారను పోవుచున్నదని ఏడ్వలేను. కాని దానితోబాటు ఆ చేతుల పని గూడ లేనిదైపోవుట నాకు న్యాయముగ తోచలేదు.

మరునాడు పెద్దమ్మను పందిరి చోటనే కూర్చుండబెట్టి, ఒక పాత కర్రయు పురికొసయు ఇచ్చితిమి. ఆకు లేదు. అయినను ఆమె వ్రేళ్ళు తడుముకొనలేదు. అటొకటి, ఇటొకటి ముడులు పడినవి. మేనకోడలు ఆ చేతులను ఫొటో తీసెను. వెనుక గోడ మసకగా మాత్రమే కనబడును.

మూడు దినములలో బ్యారను నేలమట్టమయ్యెను. ఆ ఫొటోను నేను లెక్కల పుస్తకములో, కూలిపద్దు ప్రక్కనున్న ఖాళీ స్థలమున అంటించి, క్రింద ఇరువురి పేర్లును వ్రాసితిని.

సోదరీమణులారా! మీ పుట్టినింట గానుగయో, మగ్గమో, వడ్లకొట్టో పాడువడి యుండవచ్చును. దానిని ఫొటో తీయుడు, తప్పులేదు. కాని అక్కడ పనిచేసిన పెద్దలు ఇంకను ఉన్నచో, మొదట వారి ప్రక్కన కూర్చుండి అడుగుడు. గోడ మరికొన్నాళ్ళు నిలువవచ్చును.