టార్చిలైటులో దొరికిన జబ్బు

కోడిని పట్టుకుని పశువుల ఆసుపత్రికి వచ్చేవాళ్లు వరసలో నిలబడరు. ఆవులు, మేకలు అయ్యేదాకా వేపచెట్టు కింద కూర్చుంటారు, వైరుబుట్ట మీద పాత లుంగీ గుడ్డ కప్పుకుని. రెండు పూటల కూరకు చాలని జీవానికి డాక్టరు కూడానా అని ఎవరన్నా నవ్వుతారేమోనని వాళ్ల నామోషీ. గుడియాత్తంలోను, ఆ తర్వాత వేలూరులోను పనిచేసిన ఇన్నేళ్లలో నేను ఎక్కువ తప్పులు చేసింది ఆ బుట్టల దగ్గరే.

కోడి జబ్బును దాచుకుంటుంది. నీరసంగా కనబడితే తోటి కోళ్లే పొడుస్తాయి, గద్ద ఎటూ కాచుకునే ఉంటుంది. అందుకే ఒంట్లో సత్తువ ఉన్నంతసేపూ నలుగురితోపాటు గీరుతున్నట్టే ఉంటుంది. ముడుచుకుని, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని మూలన నిలబడిందంటే జబ్బు పాతబడినట్టే. కాబట్టి చూడాల్సింది మధ్యాహ్నం కాదు. పొద్దున గంప ఎత్తగానే ఏది చివర బయటికొచ్చిందో చూడాలి. గంప కింద రెట్ట ఏ రంగులో ఉందో చూడాలి. సాయంత్రం మూసేముందు మెడ కింది మేతసంచి తడిమితే నూకలతో నిండుగా తగలాలి. నిండలేదంటే ఆ కోడి పగలంతా తిన్నట్టు నటించిందన్నమాట. ఇవి నాకు కాలేజీ కంటే కోళ్లు పెంచే ఆడవాళ్లే ఎక్కువ నేర్పారు.

మన వైపు కోడి చస్తే మొదట వచ్చే మాట కొక్కెర తెగులు. అరవవాళ్లు వెళ్ళై కళిచ్చల్ అంటారు, తెల్ల విరేచనమని. పుస్తకంలో రాణీఖేత్. ఈ పేరుతో ఇక్కడొక తమాషా ఉంది. వేలూరు నుంచి కాసేపు బస్సులో పోతే రాణీపేట వస్తుంది. అక్కడ 1932లో మొదలైన పశువ్యాధి నివారణ సంస్థ ఉంది, కోళ్ల టీకా తయారయ్యేది అందులోనే. దాంతో రాణీపేట జబ్బనీ రాణీఖేత్ మందనీ తిరగేసి చెప్పేవాళ్లను ఎంతమందిని చూశానో. రాణీఖేత్ హిమాలయాల దగ్గరి ఊరు. 1926లో ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర, అటు జావాలో బయటపడ్డ తెగులే కొద్దికాలానికి అక్కడ కనబడింది. ఊరి పేరే జబ్బుకు అంటుకుంది. పాపం, ఊరివాళ్లు చేసిన తప్పేమీ లేదు.

అసలు కొక్కెర ఎలా ఉంటుందో సత్తువాచారిలో ఒక మేడమీద చూశాను. ఉద్యోగస్తుడాయన, సరదాకి పద్నాలుగు కోళ్లు పెంచుతున్నాడు. ఒక మంగళవారం పొయిగై సంతకు పోయి చవగ్గా వస్తున్నాయని రెండు పెట్టలు తెచ్చి కలిపాడు. ఆరో రోజు నాకు ఫోను. నేను పోయేసరికి నాలుగు చచ్చాయి. మిగతావి నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీస్తున్నాయి, నేలంతా ఆకుపచ్చ కలిసిన తెల్లటి రెట్ట. ఒక పుంజు మెడ మెలితిరిగి ఆకాశంలోకి చూస్తోంది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ తేలినప్పటి నుంచీ చచ్చిన కోడిని ఒట్టి చేతులతో కొయ్యను. గ్లవ్సు, మాస్కు వేసుకుని అప్పుడే పోయినదాన్ని కోసి చూపించాను. కందనకాయకు పైనుండే మెత్తటి పొట్టను చీలిస్తే లోపలి గోడమీద సూదితో పొడిచినట్టు ఎర్రటి నెత్తురు చుక్కలు.

ఆయన అప్పటికే మెడికల్ షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు కొని నూరి పోశాడు. వైరస్‌కు ఆ మాత్ర ఏం చేస్తుంది? చిన్నుల్లి, మిరియాలు, జీలకర్ర నూరి మింగించేవాళ్లూ ఉన్నారు. దానివల్ల చెరుపేమీ లేదు, కానీ దాన్ని నమ్ముకుని టీకా మానేస్తే చెరుపే. పిల్లకు ఏడో రోజున కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద సూది. చేయగలిగింది జబ్బు రాకముందే, వచ్చాక ఏమీ లేదు. (ఆ చుక్క మన కంట్లో పడితే కన్ను ఎర్రబడుతుంది. నాకు రెండుసార్లు అయింది.)

"ఈ వారంలో ఎవరికన్నా కోళ్లిచ్చారా?" అని అడిగాను. ఆయన భార్య ముఖం ఆయన చూశాడు. రెండు చావగానే మిగతావి దక్కవేమోనని మూడింటిని కాట్పాడిలో బావమరిదికి అమ్మేశాడట. సంతలో ఆయనకు రెండు పెట్టలు చవగ్గా ఎందుకొచ్చాయో అప్పుడు ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మొదటి కోడి చచ్చిన రోజునే మిగతావి సంతకెక్కుతాయి. తెగులు ఊరు దాటేది అలాగే.

ఇది నా కళ్లతో ఇన్నిసార్లు చూశాక, ఆకుపచ్చ రెట్ట అనగానే నా నోట కొక్కెర అనే మాట దానంతటదే వచ్చేది. పరదరామి దారిలో ఒక పల్లెనుంచి వచ్చిన అవ్వ విషయంలో జరిగిందదే. మగ్గాల ఇల్లు, ఇంట్లో తెలుగే.

"పద్దెనిమిదికి పదకొండు పోయినాయి నాయనా. కొక్కెరే అంటాండారు."

"కొక్కెరే అవ్వా. టీకా వేయించలేదా?"

"ఏపిచ్చినా గదా, ఫిబ్రవరి క్యాంపులో."

క్యాంపులో ఐసు కరిగి మందు చెడిపోయి ఉంటుందన్నాను. అది జరగని విషయం కాదు. కానీ నేనేమీ విచారించలేదు, చచ్చినవాటిని లోతుగా పూడ్చమని చెప్పి పంపేశాను. రెండు వారాలకు అవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి బుట్టలో బతికున్న పెట్ట.

"నువ్వు చూడనన్నా చూడలేదు, ఈసారి చూడు."

చూశాను. కాళ్లు నిలవడం లేదు, ఒళ్లు కాలిపోతోంది, రెట్ట ఆకుపచ్చే. అయితే గొంతులో గురగుర లేదు, మెడ తిన్నగా ఉంది. తురాయి మాత్రం పదిసార్లు ఉతికిన గుడ్డలా వెలిసిపోయి ఉంది. కొక్కెరలో నెత్తురు ఇంతగా ఇంకిపోదు. రెక్క ఎత్తితే చర్మాన్ని కరుచుకుని ఆవగింజల్లాంటి నల్లటి చుక్కలు. రెక్క నరం నుంచి ఒక బొట్టు నెత్తురు గాజుపలక మీద తీసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే నెత్తురు కణాల మధ్య దారప్పోగుల్లా మెలికలు తిరిగిన క్రిములు. స్పైరోకీటోసిస్. గోమార్లు మోసుకొచ్చే జబ్బు.

ఆ రాత్రి పది గంటలకు టార్చిలైటు పట్టుకుని అవ్వ ఇంటికి పోయాను. పగలు పోతే లాభం లేదు. ఈ గోమార్లు పగలంతా గోడ పగుళ్లలో దాక్కుని, చీకటి పడ్డాక వచ్చి నిద్రపోతున్న కోడి నెత్తురు తాగి మళ్లీ గోడలోకి పోతాయి. కోళ్లు మగ్గం కొట్టం వెనక పాత మట్టిగోడకు ఆనించిన దూలం మీద పడుకునేవి. లైటు పడగానే గోడ కదిలినట్టయింది. పప్పుబద్దల్లా చప్పటివి, తాగినవి ఉబ్బి సీసం రంగులో. పగులులో చాకు మొన పెట్టి గీకితే చాకు ఎర్రబడింది. అవ్వ మనవడు రెండడుగులు వెనక్కేశాడు. అవ్వ కదల్లేదు.

"ఇన్నాళ్లూ నేను వీటికి మేపినట్టుండాది," అంది.

మిగిలిన కోళ్లకు పెన్సిలిన్ ఇచ్చాను. రెండ్రోజుల్లో ఒక్కటి తప్ప అన్నీ లేచి తిరిగాయి. కష్టమంతా గోడతోనే. కొన్నాళ్లు కోళ్లను వేరేచోట పెడితే ఆకలికి చస్తాయనుకోవడానికి లేదు, ఈ పురుగులు తిండి లేకుండా ఏళ్లు బతుకుతాయి. వేరేచోటైతే గోడను మంటతో కాల్పించేవాణ్ణి, ఇక్కడ పక్కనే నూలు ఉంది. మనవడు పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చి, మందు కొట్టి, సున్నం వేశాడు. దూలం తీసేసి ఇనప పైపును గోడకు తగలకుండా తీగలతో వేలాడదీశాడు. ఆ పైపు ఆలోచన అతనిదే.

మూడు నెలల తర్వాత అవ్వ మళ్లీ వచ్చింది. బుట్ట లేదు. వేపచెట్టు కింద కూర్చోకుండా నేరుగా లోపలికొచ్చి, కొంగుముడి విప్పి బల్లమీద ఒక అగ్గిపెట్టె పెట్టింది. గుడియాత్తంలో చేసిన పెట్టే. తెరిచి చూస్తే పుల్లలు లేవు, అయిదు గోమార్లు.

"ఇవి పక్కింటోళ్ల గోడలోవి. వాళ్లు కొక్కెర అంటాండారు."