రేవుకు పోయే బాట

పోయిన ఉగాదికి ఊరికి వెళ్ళాను. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే మా ఊళ్ళో బట్టలుతికే ఇంటి పెద్దామె ఎదురైంది. నా చిన్నప్పుడు రేవులో నన్ను ఒక బండ మీద కూర్చోబెట్టి, నీళ్ళల్లోకి దిగకుండా ఒక కన్నేసి తన పని చేసుకునేది. "బిడ్డా, పెద్ద సదువు సదివినవంట. మీ తమ్ముడు బాటకు కంచె ఏసిండు. జర జెప్పు" అంది. అంతకంటే ఏమీ అనలేదు. "చెప్తా పెద్దమ్మా" అన్నాను. (చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలం కూడా ఆమెను పేరు పెట్టే పిలిచేవాళ్ళం. పెద్దమ్మా అనడం నాకు యూనివర్సిటీకి వెళ్ళొచ్చాక వచ్చింది.)

ఆ బాట గురించి రాయాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను. రాయడానికి సిగ్గుపడుతున్నాను కూడా. ఎందుకో చెప్తాను.

మా ఊరు వీపనగండ్ల నుంచి కృష్ణ వైపు పోతే వస్తుంది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మహబూబ్‌నగర్ పోయి వనపర్తి వచ్చింది. పాత మండలంలోని నది ఒడ్డు ఊళ్ళు కొన్ని కొత్త చిన్నంబావి మండలంలో చేరాయి. మా అమ్మ మాత్రం భూమి కాగితాలన్నిటినీ ఇప్పటికీ "వీపనగండ్ల కాయితాలు" అనే అంటుంది. అడ్రసు మారడం మా వాళ్ళకు కొత్తేమీ కాదు. శ్రీశైలం జలాశయం నిండేటప్పుడు ఊరే మారింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు ముంపులో పోయాయి. 1981లో ఇళ్ళు కూలగొట్టి జనాన్ని ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపురానికి తరలించారు. జటప్రోలు గుళ్ళనూ విప్పి తెచ్చి ఎగువన మళ్ళీ కట్టారు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో లెక్క తప్పకుండా చూసుకున్నారు. మంచి పనే. కానీ అవ్వ ఈ సంగతి వచ్చినప్పుడల్లా ఒకే మాట అనేది. "దేవుని రాళ్ళకు నంబర్లేసిన్రు. మా రేవు బండలు ఎవరూ తేలే."

పాత ఊరికి మూడు రేవులుండేవట. పైన మా వాళ్ళది, మధ్యలో మిగతా కులాలది, బాగా దిగువన మాదిగ వాడది. పారే నీళ్ళలో కూడా మనవాళ్ళు పైనా కిందా చూసుకున్నారు. నది మంచిదని, రేవు ఆడవాళ్ళ లోకమని రాసేటప్పుడు మన రచనల్లో ఈ సంగతి ఎప్పుడూ జారిపోతుంది. నా రచనల్లో కూడా జారిపోయింది. ముంపు తర్వాత నది జలాశయమైంది. పైనా కిందా లేకుండా పోయింది. కొత్త ఊరి నక్షలో ఇళ్ళకు ప్లాట్లు గీశారు, గుడికీ బడికీ జాగా చూపించారు. నీళ్ళకు మాత్రం బాట గీయలేదు. 885 అడుగుల నీటిమట్టానికి పైన మాకు మిగిలిన మూడెకరాల గట్టు మీదుగా ఆడవాళ్ళే నడిచి నడిచి ఒక బాట వేసుకున్నారు. అన్ని కులాల ఆడవాళ్ళూ ఒకే రేవుకు పోవడం అలా మొదలైంది. ఎవరూ ఉద్దేశించి చేసింది కాదు, వేరే దారి లేక జరిగింది.

నా పరిశోధన స్త్రీల శ్రమ పాటల మీద. అందులో ఒక అధ్యాయం మొత్తం ఆ రేవులో సేకరించిన పాటలదే. చేతిలో రికార్డరుతో రెండు వేసవులు ఆ బాట మీద తిరిగాను. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివి, ఆడవాళ్ళ మాటను మధ్యలో తుంచకుండా వినడం నేర్చుకున్నాననుకున్న రోజులవి. పాటల ఛందస్సు రాశాను, పునరుక్తి గురించి రాశాను, నీటి ప్రతీక గురించి పద్దెనిమిది పేజీలు రాశాను. వాళ్ళు నీళ్ళ దాకా ఎలా వస్తున్నారు, ఎవరి భూమి తొక్కి వస్తున్నారు అన్నది ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆ భూమి మాది కాబట్టి అది ప్రశ్న అని నాకు తోచలేదు.

తమ్ముడిని అడిగాను. కోపంగా ఏం మాట్లాడలేదు. "మామిడి పెట్టిన అక్కా. మేకలు పడి తింటున్నయి. కంచె ఎయ్యకుంటే ఎట్ల? అయినా ఇంటింటికి నల్లా వచ్చె. ఇంక రేవెందుకు ఎవరికన్న?"

వాడన్నదాంట్లో నిజముంది. మిషన్ భగీరథ నీళ్ళు మా పాలమూరు ఊళ్ళకు కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు నుంచి వస్తాయి. అంటే మా వెనకాల ఉన్న నీళ్ళే శుద్ధి అయి పైపులో ముందు తలుపుకు వస్తున్నాయి. నది నుంచి బిందె మోసిన ఏ ఆడదీ ఆ నల్లాను తక్కువ చేసి మాట్లాడదు, నేనూ మాట్లాడను. అవ్వ మెడనొప్పితోనే పోయింది. కానీ నల్లా వచ్చాక జరిగిందేమిటంటే, నీళ్ళు ఇంటికి వచ్చాయి కాబట్టి ఆడవాళ్ళకు నదితో పనిలేదని అందరూ అనుకున్నారు. బట్టల మూటలు, బర్రెలు, చేపల బుట్టలు, బతుకమ్మ, చావు స్నానాలు ఇవేవీ నల్లాలో జరగవు.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని పెద్దమ్మే చెప్పింది, రెండో రోజు వాళ్ళింటికి వెళ్ళి కూర్చుంటే. "నీళ్ళు పచ్చగయితున్నయి ఎండకాలం. కాళ్ళు దురద. మిరప తోటకు మందు కొట్టిన డ్రమ్ములు ఆడనే కడుగుతరు. మూడేండ్ల కింద సన్న చేపలు తేలినయి. మా బెస్తోళ్ళ కోడలు సూశి ఒర్లితే అందరం బర్లను తోలుకొచ్చినం ఎనకకు." ఏ నెలలో అని అడిగాను. పంచాంగం లేకుండానే, ఎవరి పెళ్ళికి ఎన్ని రోజుల ముందో లెక్కగట్టి చెప్పింది.

నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే ముంపు భూముల్లో ఒకప్పటి పట్టాదార్లే మళ్ళీ సేద్యం చేసుకోవడం మా వైపు మామూలు. ఒండ్రు మట్టి, మందు తక్కువ పడితేనేం, మిరప బాగా వస్తుంది. వచ్చే ఏడు ఆ నేల మళ్ళీ నీళ్ళ కిందికి పోతుంది, చల్లినదంతా తీసుకుని. తమ్ముడు కూడా అక్కడ మిరప వేస్తాడు. నా పీహెచ్‌డీ రోజుల్లో హాస్టల్ బిల్లు కట్టింది ఆ మిరపే. కాబట్టి ఆ చేపల్ని ఎవరు చంపారని నేను గొంతు పెంచి అడగలేను.

ఇక ప్రభుత్వం వైపు నుంచి చూద్దామని కాగితాలు తిరగేశాను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 నదీ భాగాలు కలుషితమని తేల్చింది. తెలంగాణలో ఎనిమిది. మూసీ మొదటి తరగతిలో ఉంది, అది అందరికీ తెలిసిందే. కృష్ణ కూడా ఉంది, తంగడిగి నుంచి వాడపల్లి దాకా, చివరిదైన ఐదో తరగతిలో. అంటే కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టే చోటి నుంచి మా ఊరినీ సోమశిలనూ దాటి నల్లగొండ వైపు పోయేదాకా. ఆ ఏడాది సెప్టెంబరులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ పత్రికా వార్తను ఆధారం చేసుకుని ప్రతి రాష్ట్రంలో నదుల పునరుద్ధరణ కమిటీ వేయమంది. అందులో నలుగురు: పర్యావరణం, పట్టణాభివృద్ధి, పరిశ్రమల శాఖల డైరెక్టర్లు, రాష్ట్ర కాలుష్య మండలి సభ్య కార్యదర్శి. నీళ్ళను కనీసం స్నానానికి పనికొచ్చేలా చేయడం వాళ్ళ లక్ష్యం. లీటరుకు బీఓడీ మూడు మిల్లీగ్రాములు దాటకూడదు.

ఆ "స్నానానికి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. స్నానం చేసేవాళ్ళెవరు? కొలమానం వాళ్ళ ఒంటి పేరు మీద పెట్టారు, నలుగురిలో వాళ్ళకు చోటు లేదు. నేను సైన్సును వెక్కిరించడం లేదు. బీఓడీ కొలవాల్సిందే, ఆ లెక్క లేకపోతే మనం ఎవరితోనూ వాదించలేం. కానీ నమూనా తీసిన రోజుకూ మళ్ళీ తీసే రోజుకూ మధ్య నదిని చూసేదెవరు? మా బాట మూసేస్తే చిన్న చేపలు తేలిన రోజు ఎవరికి తెలుస్తుంది?

నాతో ఎమ్మే చదివిన స్నేహితురాలు ఒకామె మసాచుసెట్స్‌లో చిన్న టౌన్‌లో ఉంటుంది. అక్కడ టౌన్ కన్సర్వేషన్ కమిషన్ అని ఉంటుంది, తను అందులో సభ్యురాలు. జీతం లేని పని. 1957లో ఆ రాష్ట్రం చట్టం చేసి ఊరికో కమిషన్ వేసుకునే వీలు కల్పించిందట. 1996 చట్టం ప్రకారం మామూలుగా నదికి రెండు వైపులా 200 అడుగుల్లో ఏ పని చేయాలన్నా వీళ్ళ ముందుకు రావాలి. రెండు వారాలకోసారి రాత్రి పూట కూర్చుని, ఎవరి వరండా వాగుకు ఎంత దగ్గరగా ఉందో వాదించుకుంటారట. భూమి సొంతదారు తన భూమి తనే ఉంచుకుని, దాన్ని చెడగొట్టే హక్కు ఒక్కటి శాశ్వతంగా వదులుకుంటూ కాగితం రాసివ్వొచ్చు. ఈజ్‌మెంట్ అంటారు దాన్ని. తర్వాత ఏడాదికోసారి ఎవరో ఒకరు ఆ హద్దులు నడిచి చూసి రావాలి. "నడిచి చూడాలే, ఫొటోలు పెడితే చాలదు" అంది నా స్నేహితురాలు. అక్కడి నాషువా నది 1960లలో కాగితం మిల్లుల రంగులతో పారేదట. మారియన్ స్టోడార్ట్ అనే గృహిణి ఆ మురికి నీళ్ళు సీసాలో పట్టుకుపోయి గవర్నరు చేతిలో పెట్టింది. ఒడ్డు పొడుగునా భూమిని కాపాడితే తప్ప నీళ్ళు బాగుపడవని ఆమె పట్టుబట్టింది.

విన్నప్పుడు ఉత్సాహం వచ్చింది. ఫోన్ పెట్టేశాక నీరసం వచ్చింది. ఈజ్‌మెంట్ రాసివ్వాలంటే ముందు భూమి ఉండాలి.

నాకు లేదు. ఉండాల్సింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే కూతుళ్ళకు సమాన వాటా ఇస్తూ సవరణ చేసింది, 2005లో దేశమంతటా వచ్చింది. ఈ తేదీలు నేను సెమినార్లలో చెప్పేదాన్ని. నాన్న పోయిన మరుసటి ఏడు నా పెళ్ళి. పెళ్ళికి ముందు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్తే తమ్ముడి పేరిట హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టొచ్చాను. ఎవరూ బలవంతం చేయలేదు. కట్నం ఇస్తున్నారు కదా, పుట్టింటి తలుపు తెరిచి ఉండాలి కదా అనుకున్నాను. వస్తూ దారిలో చెరుకు రసం తాగాం. అప్పటికి నా థీసిస్‌లో "స్త్రీలూ వనరులపై హక్కూ" అన్న ఉపశీర్షిక టైపు అయి ఉంది.

లాయరైన ఒక మిత్రురాలిని అడిగితే రెండు సంగతులు చెప్పింది. ఒకటి, ఎవరూ అడ్డుకోకుండా, అందరికీ తెలిసేలా, హక్కుగా ఇరవై ఏళ్ళు నడిచిన బాట మీద నడిచినవాళ్ళకు హక్కు వస్తుంది. మా బాటకు నలభై దాటాయి. కానీ కంచె పడ్డ రెండేళ్ళలోపు కోర్టుకు పోవాలి, నడిచామని సాక్ష్యం చెప్పాలి. చెప్పేవాళ్ళు మా పొలంలో కూలికి వచ్చే ఆడవాళ్ళే. రెండోది, "మీ అమ్మ సంతకం పెట్టిందా?"

అమ్మ సంగతి నాకు తట్టనే లేదు. నాన్న పోయాక విరాసత్ అప్పుడు కొడుకు పేరు మీద ఎక్కించమని నోటిమాటగా ఒప్పుకుంది, అంతే. విడుదల పత్రం రాయలేదు. రికార్డులో పేరెక్కినంత మాత్రాన వారసుల హక్కు పోదు, నాన్న వాటాలో ఆమెకు భాగముంది అంది లాయరు. ముంపు బాధితులకు ఇంటికో ఉద్యోగమని 1986లో 98 జీవో వచ్చినప్పుడు మా ఇంట్లో దరఖాస్తు చిన్నాయన పేరిట పోయింది. పట్టా మొదట తాత పేరు, తర్వాత నాన్న, ఇప్పుడు తమ్ముడు. ఇన్ని కాగితాల్లో ఎక్కడా లేని మనిషికి బాట ఇచ్చే హక్కుందంటే నవ్వొచ్చింది.

అమ్మకు చెప్పాను. చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. "నా కొడుకు మీద నేను కాయితం పెడతనా?" అంది. నేను మాట్లాడలేదు. నా సంతకం గుర్తొచ్చి మాట రాలేదు.

మర్నాడు తెల్లవారుజామున లేచి చూస్తే అమ్మ లేదు. దుప్పట్లు మూటగట్టుకుని పెద్దమ్మను వెంటేసుకుని పొలానికి పోయిందట. ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉంది. కంచె దగ్గర మూట దించి, తమ్ముడు వచ్చేదాకా గంటన్నర కూర్చుందట. ఏమనుకున్నారో నాకు ఇద్దరూ చెప్పలేదు. మధ్యాహ్నానికి రెండు కడ్డీల మధ్య తీగ కత్తిరించి ఉంది.

కాగితమేమీ లేదు. తమ్ముడికి కోపమొస్తే, లేదా రేపు ఆ భూమి అమ్మేస్తే, ఆ సందు పోతుంది. ఇరవై ఏళ్ళు పైగా నడిచినవాళ్ళ పేర్లు పెద్దమ్మ చెప్తుంటే నేను రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి పదిహేడు మంది. పక్క పేజీల్లో నీళ్ళ సంగతి రాస్తున్నాను, రంగు, వాసన, చేపలు, ఏ రోజు ఎవరు చూశారు. ఫోన్లో చెప్తారు, నేను హైదరాబాదులో రాసుకుంటాను. ఎవరికి ఇవ్వాలో ఇంకా తేల్చుకోలేదు.

మొన్న దసరాకు వెళ్ళినప్పుడు ఆ సందులోంచి నేనూ పోయాను. మనిషి పక్కకు తిరిగితే పడుతుంది. నెత్తిన మూట ఉంటే పట్టదు, మూట కంచె మీదుగా అవతలికి అందించి తర్వాత దూరాలి. అమ్మ నా వెనకే నిలబడి చూసి, "ఇంకొక్క కడ్డీ పీకాలె" అంది.