నీళ్లు ఎటు పోతున్నాయి?

బండి కింద ఒక్క చుక్క కనపడదు. అయినా వారం తిరక్కుండా డబ్బాలో కూలెంట్ తగ్గిపోతుంది. మా విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటి బండి షెడ్డులోకి రాగానే ఎవరో ఒకరు "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు దించాల్సిందే" అనేస్తారు. చాలాసార్లు అదే నిజం. అయినా, నీళ్లు ఎటు పోతున్నాయో తేలకుండా హెడ్డు బోల్టు మీద స్పానర్ పెట్టకూడదన్నది నా పట్టుదల.

ఇంజన్ లోపల నీళ్లకీ, ఆయిల్‌కీ, మండే గ్యాసుకీ దారులు పక్కపక్కనే ఉంటాయి. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య వాటిని కలవనీయకుండా ఆపేది ఒక పలుచని గ్యాస్కెట్టే. బండి ఒక్కసారి బాగా హీటెక్కితే చాలు, అల్యూమినియం హెడ్డు వంగి ఆ అడ్డు తెగుతుంది.

నేను పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెడతాను. రేడియేటర్ మూత తీసి, చేతిపంపు బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి దాకా గాలి ఎక్కిస్తాను. అది మామూలుగా 1 బార్‌కి అటూ ఇటూ ఉంటుంది. బయట ఎక్కడా తడి లేకుండా పంపు మీటరు ముల్లు దిగుతోందంటే లీకు లోపలే. పెట్రోలు బండైతే ప్లగ్గులు విప్పి చూస్తాను. నీళ్లు దిగే సిలిండర్ ప్లగ్గు ఆవిరికి కడిగినట్టు తెల్లగా ఉంటుంది, మిగతావి మామూలు రంగులోనే ఉంటాయి. తర్వాత ఇంజన్ నడిపి, రేడియేటర్ నోటి దగ్గర వచ్చే గాలిని ఈ పరీక్షకి వాడే నీలం ద్రవంలోంచి లాగిస్తాం. మండిన గ్యాసు కలిస్తే అది పసుపు రంగుకి తిరుగుతుంది. ఆయిల్ మూత కింద కాస్త తెల్ల జిగురు కనపడగానే కంగారు పడక్కర్లేదు, దగ్గర దూరాలే తిరిగే బండికి చలికాలంలో చెమ్మ వల్ల కూడా అలా వస్తుంది. ఆయిల్ స్టిక్కు మీది ఆయిలే పాలు కలిపిన టీలా మారితే మాత్రం ఆ ఇంజన్ ఇక స్టార్ట్ చేయకూడదు.

గుంటూరు నుంచి ఒక టాక్సీ డ్రైవరు డీజిల్ బండి తెచ్చాడు. "మేస్త్రీ, ఇంకోచోట హెడ్డు దించాలన్నారు. అన్ని రోజులు బండి ఆగితే ఇల్లెలా గడుస్తుంది?" అన్నాడు. స్టార్ట్ చేయగానే తెల్ల పొగ, తియ్యటి వాసన. కానీ హీటెక్కడం లేదు, ఆయిల్ శుభ్రంగా ఉంది, నీలం ద్రవం నీలంగానే ఉండిపోయింది. పంపు ముల్లు మాత్రం దిగుతోంది. అప్పుడు ఈజీఆర్ కూలర్ మీద అనుమానం వచ్చింది. సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత భాగాన్ని నీళ్లతో చల్లబరిచి మళ్లీ ఇంజన్‌లోకి పంపేది అదే. దాన్ని విప్పి, నీటి గొట్టాలు మూసేసి మళ్లీ గాలి ఎక్కిస్తే ముల్లు కదల్లేదు. కూలర్‌ని బకెట్ నీళ్లలో ముంచి, కూలెంట్ దారిలోకి గాలి పెడితే పొగ దారిలోంచి బుడగలు వచ్చాయి. కూలర్ ఒక్కటే మార్చాం, హెడ్డు ముట్టుకోలేదు.

నిజంగానే హెడ్డు దించాల్సి వస్తే సగం పని చేయకూడదు. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి కొలవాలి. చాలా హెడ్లకి 0.05 మిల్లీమీటర్ల వంపు దాటితే ఫేసింగ్‌కి పంపాల్సిందే. సాగే రకం బోల్టులైతే కొత్తవే వేయాలి. లీకు ఆపే పౌడర్లు నేను పోయను. అవి హీటర్ సన్న గొట్టాల్ని కూడా మూసేస్తాయి.

బండి నడిపేవాళ్లకి నా విన్నపం ఒక్కటే. టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు లేస్తే వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపండి, వేడి మీద మూత తీయకండి. షెడ్డు దాకా నడుపుకుంటూ రావద్దు, లాగించుకుని రండి.