బుగ్గారంలో వినే చెవులున్నాయి

జగిత్యాల బస్టాండులో బుగ్గారం బస్సు కోసం నిలబడి, పక్కనున్న కుర్రాణ్ణి పాడ్‌కాస్టులు వింటావా అని అడిగాను. "చూస్త సార్. ఇద్దరు మైకులు వెట్టుకొని కూసొని ముచ్చట వెడతరు, గదే కదా" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేం. ఇదే జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానల్ పుట్టింది. ఇక్కడ ఫోనంటే యూట్యూబే. బస్సులో ఇంకొకాయన, పాడ్‌కాస్టంటే ఐఫోన్ ఉన్నోళ్లకేనన్నాడు. 2004లో గార్డియన్ పత్రికలో బెన్ హామర్‌స్లీ ఈ పేరు రాసినప్పుడు అందులో ఆపిల్ వాళ్ల ఐపాడ్ పేరు కలిసింది మరి. ఐపాడ్ తయారీ 2022లో ఆగిపోయింది, పేరు మాత్రం నిలిచింది. ఇప్పుడు ఏ స్మార్ట్‌ఫోనైనా చాలు.

బుగ్గారంలో ఒక వాకిట్లో ఆడవాళ్లు బీడీలు చేస్తున్నారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు. రేకు పెట్టి తునికాకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పోసి చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. చూపంతా ఆకు మీదే. గోడకు ఆనించిన ఫోనులో సీరియల్ నడుస్తోంది, ఒక్కరూ చూడటం లేదు.

"బొమ్మ సూసుకుంట కూసుంటే వెయ్యి బీడీలు ఎప్పుడైతయి సారూ? ఇనుడే" అంది ఒకామె.

పాడ్‌కాస్టు అసలు ఇలాంటి వాళ్ల కోసమే కదా అనిపించింది. సీరియల్ ఆపించి, 'హర్షణీయం' పాడ్‌కాస్టులో ఒక తెలుగు కథ పెట్టాను. చేతులు ఆగలేదు, మాటలు ఆగాయి.

"గిది రేడియో లెక్కనే ఉన్నది" అంది పెద్దామె. చాలావరకు నిజమే. అయితే రేడియోలో వేళ దాటితే కార్యక్రమం పోతుంది. ఇది మనకు తీరిక దొరికేదాకా ఉంటుంది. నెట్ ఉన్నచోట దింపుకుంటే పొలంలోనూ వినొచ్చు. యాప్‌లో ఒకసారి ఫాలో అయితే కొత్త భాగం దానంతటదే వస్తుంది.

"మా కొడుకు దుబాయ్‌కెల్లి పంపే వాయిసు గూడ గిదేనా?" అని ఇంకొకామె అడిగింది. అది ఆమె ఒక్కదానికి. పాడ్‌కాస్టు వినాలనుకున్న అందరికీ. కానీ గొంతు, ఫోను, చెప్పాల్సిన సంగతి రెండింటికీ అవే. స్టూడియో, లైట్లు, కెమెరా ఉంటేనే పాడ్‌కాస్టు అనుకుంటే ఈ వాకిట్లోంచి ఒక్కటీ రాదు.

తెలుగులో పాడ్‌కాస్టులు చేస్తున్నవారికి నా మనవి: వీడియో పెట్టండి, కానీ ఉత్త ఆడియో కూడా విడుదల చేయండి. బొమ్మ చూడక్కర్లేకుండా అర్థమయ్యేలా మాట్లాడండి. బుగ్గారంలో వినేవాళ్లున్నారు.