ఐర్లండు పల్లెలో మూడు మాసములు

పల్లెటూరి కాపురము సుఖమా, పట్టణవాసము సుఖమా యను ప్రశ్న స్త్రీలకు క్రొత్తది కాదు. పురుషులు చల్లని గాలిని, పచ్చిక బయళ్లను తలచుకొని పల్లెయే మేలందురు. ఇల్లు నడుపుకొను స్త్రీ మాత్రము నీరెచ్చటనుండి వచ్చును, నడిరేయి బిడ్డకు జ్వరము తగిలినచో వైద్యుడెంత దూరమున నున్నాడు, ఉప్పు పప్పు లెక్కడ దొరకును అని విచారించును. మా యమ్మాయి ప్రసవమునకు తోడుగా ఐర్లండు దేశమునకు బోయి, లిమరిక్ కౌంటీ పడమటి భాగమునందలి యొక చిన్న గ్రామమున మూడు మాసములుంటిని. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. అమ్మాయియు అల్లుడును అచ్చటనే స్థిరపడదలచిరని వినినది మొదలు నాకీ విచారములన్నియు మనసులో మెదలుచునే యుండెను. కావున నేను చూచినవి, వినినవి సోదరీమణుల యెదుట నుంచుచున్నాను.

ఊరంతయు నొక్క వీధి. ఒక చివర చర్చియు, దానిని ఆనుకొని సమాధుల దొడ్డియు. రెండవ చివర ఇద్దరు ఉపాధ్యాయులు గల ప్రాథమిక పాఠశాల. నడుమ నొక దుకాణము, రెండు పబ్బులు, ఊరివారు కూడుకొను మందిరము నున్నవి. పబ్బులలో నొకటి మూతపడినది. ఊరి వెలుపల హర్లింగు ఆడుకొను మైదానము కలదు. ఇండ్లు మన పల్లెలలోవలె గుంపుగా నుండక పొలముల నడుమ నొకటొకటిగా విసరివేసినట్లుండును. 2015వ సంవత్సరమువఱకు ఆ పల్లె యిండ్లకు సంఖ్యలు గాని పిన్‌కోడులు గాని లేవు. ఆ యేడు ఇంటింటికి అక్షరములు, అంకెలు కలిసిన యేడు గుర్తుల సంకేత మొకటి యిచ్చిరి. అంతకుమునుపు తపాలావాడు మనుష్యులనెఱిగి యుండుటయే విలాసము. దుకాణములో రొట్టె, పాలు, వార్తాపత్రిక, గ్యాసుబండ, కారులోనికి పెట్రోలు, అన్నియు దొరకును. కఱివేపాకును మినపప్పును కావలసినచో లిమరిక్ నగరమునకు పోవలసినదే.

వైద్యము సంగతి మొదట చెప్పెదను. ఊరిలో వైద్యుడు లేడు. ప్రసవము లిమరిక్ నగరపు వైద్యశాలలో జరిగినది. బిడ్డతో నింటికి వచ్చిన రెండవనాడే ప్రభుత్వపు ఆరోగ్యనర్సు తన కారు తానే నడుపుకొని మా గుమ్మములో దిగినది. తల్లీబిడ్డలు ఇల్లు చేరిన 72 గంటలలోగా నర్సు వచ్చి చూడవలెనని అక్కడి యేర్పాటు. దీనికి రుసుము లేదు. ఆమె బిడ్డను తూచినది, బొడ్డు పరీక్షించినది, పాలు పట్టునది లేనిది అడిగినది. పిమ్మట నన్ను ప్రక్క గదికి పంపి, అమ్మాయి మనసెట్లున్నదని, నిద్ర పట్టుచున్నదా యని నిదానముగా కనుగొన్నది. బాలింతరాలి ఒంటికి కావలసినవి మనము చక్కగా ఎఱుగుదుము; ఆమె మనసునుగూర్చి ఇట్లడుగు ఆచారము మనకును ఉండిన బాగుండునని తోచినది.

మా పొరుగున ఎనుబదేండ్లు దాటిన యొక వితంతువు ఒంటరిగా నుండెడిది. ఆమె నన్ను పేరు పెట్టి పిలిచెడిది. నాకు నోరు రాక, అమ్మాయితో మాటలాడునపుడు "పెద్దమ్మగారు" అనుచుంటిని. ఆ యూరి సౌకర్యముల కథ నేను వినినది ఆమె నోటనే.

ఐర్లండులో పల్లెలకు విద్యుచ్ఛక్తి నిచ్చు పని 1946లో మొదలయ్యెను. డబ్లిన్ కౌంటీలోని ఓల్డ్‌టౌన్ గ్రామమున 1947 జనవరిలో మొదటి దీపములు వెలిగినవి. పెద్దమ్మగారి పుట్టినింటికి ఆమె తొమ్మిదవ యేట దీపము వచ్చినది. ఆ రాత్రి వెలుతురులో మూలల నున్న బూజు కనబడగా తల్లి సిగ్గుపడి మఱునాడే గోడలకు సున్నము వేయించినదట. దీపమునకును కుళాయికిని నడుమ మఱి పెక్కేండ్లు గడచినవి. ఆమె కాపురమునకు వచ్చిన క్రొత్తలో గూడ రెండు బకెట్లతో పొలమునకు అడ్డముపడి బావికి నడచెడిది. గొట్టపునీరు తెచ్చినచో స్థిరాస్తిపన్ను పెరుగునని రైతులు పలువురు అడ్డు చెప్పిరి. నీరు మోయువారు వారు కారు గదా!

అడిగినది స్త్రీలే. 1910లో వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని బ్రీ గ్రామమున పల్లెటూరి స్త్రీలు ఒక సమాజము స్థాపించుకొనిరి. 1935లో దానికి ఐరిషు కంట్రీవిమెన్సు అసోసియేషన్ అను పేరు వచ్చినది. కోళ్లు పెంచుట, కుట్టుపని, వంట నేర్పుటతో నాగక, 1960 ప్రాంతమున ఈ సమాజము ఇంటింటికి నీరు కావలెనని గట్టిగా ప్రచారము చేసినది. మదనపల్లెలో కొంతకాలము నివసించి, 1917లో మదరాసున భారతీయ స్త్రీసమాజ స్థాపనకు తోడ్పడిన మార్గరెట్ కజిన్సుగారు గూడ ఐర్లండు పడమటి ప్రాంతములోని బాయిల్ అను చిన్న పట్టణపు ఆడపడుచేనని మన మిచ్చట తలచుకొనదగును. క్రమముగా ఇరుగుపొరుగులు కూడి, కొంత సొమ్ము తాము వేసికొని, కొంత ప్రభుత్వమునుండి పొంది, తామే చాళ్లు త్రవ్వి గొట్టములు పఱచుకొను నీటిసంఘములు వెలసెను. అట్టి సంఘములు నేటికిని పెక్కు పల్లెలకు నీరిచ్చుచున్నవి.

"బావికడ కబుర్లు పోయినందుకు మీకు విచారము లేదా?" అని యడిగితిని. "కబుర్లకు బకెట్లతో పనియేమి?" అని యామె నవ్వినది.

ఆ మాటపై నేను చాల దినములు ఆలోచించితిని. సౌకర్యములు రెండు విధములు. దీపము, కుళాయి మన యింటికి వచ్చునవి. తపాలాకచేరి, బస్సు, మందిరము మనలను ఇంటినుండి వెలుపలికి రప్పించునవి. మొదటివి లేనిచో నడుము విరుగును. రెండవవి లేనిచో మాట పడిపోవును. అచ్చటికి సమీపముననే డ్రమ్‌కాలొహర్ అను నూరున్నది. 1889లో ఐర్లండున మొట్టమొదటి సహకార పాలకేంద్రము అచ్చట ఏర్పడినదని ప్రసిద్ధి. ఉదయముననే రైతులు గుఱ్ఱపుబండ్లపై పాలు తెచ్చి, వంతు వచ్చువఱకు లోకాభిరామాయణము చెప్పుకొనెడివారు. ఇప్పుడు పెద్ద లారీ దొడ్డిలోనికే వచ్చి పాలు తోడుకొనిపోవును. పాడి పెరిగినది, ఉదయపు పలుకరింపు తగ్గినది.

మా గ్రామపు తపాలాకచేరియు ఇట్లే పోయినది. 2018లో దేశమునందు 159 మంది పోస్టుమాస్టర్లు పరిహారము గైకొని విరమించుకొనుటకు ఒప్పుకొనగా వారి కచేరీలు మూయుటకు నిర్ణయమైనది. ఆ సంవత్సరములోనే ఇచ్చటిదియు మూతపడినది. వృద్ధాప్యపు పింఛను శుక్రవారమున తపాలాకచేరిలో నిత్తురు. శుక్రవారమున పెద్దమ్మగారు మంచి కోటు తొడిగికొని వీధికి పోయి, పింఛను తీసికొని, నలుగురిని పలుకరించి, రొట్టె కొని వచ్చెడిది. పింఛను బ్యాంకు ఖాతాకు మార్చవచ్చును. కాని ఖాతా యామెను పలుకరింపదు గదా! ఆమె రెండుదినములు వీధిలో కనబడనిచో తలుపు తట్టి చూచెడిదియు ఆ తపాలాకచేరిలోని స్త్రీయేనట.

ఇచ్చట కారు లేనివారికి కాళ్లు లేనట్లే. 66 ఏండ్లు నిండినవారికి బస్సులలోను రైళ్లలోను ప్రయాణము ఉచితము. కాని పెద్ద బస్సు ఈ యూరికి రాదు. లోకల్ లింక్ అను చిన్న బస్సు మాత్రము వారమునకు కొన్ని దినములు వచ్చును. పెద్దమ్మగారు శుక్రవారమున పొరుగూరి తపాలాకచేరికి దానిలోనే పోవును. పని లేని దినమునగూడ ఎక్కుట చూచి నేను కారణ మడిగితిని. "ఎక్కువారిని లెక్కింతురు. మేము మానినచో ఎవరును లేరని బస్సు మానుదురు" అని చెప్పినది. ఈ తెలివి చిన్నది కాదు. 2022లో ఒక పెద్ద బ్యాంకు తన 70 శాఖలలో నగదు ఇచ్చిపుచ్చుకొనుట మానెదనని ప్రకటించి, జనులు గగ్గోలు చేయగా కొలది దినములలోనే ఆ మాట వెనుకకు తీసికొనెను. నోరు విప్పినవారికి మిగులును, వాడుకొనువారికి నిలుచును.

మా మనుమరాలిని చూచుటకు ఊరివారు కేకులతో, తాము అల్లిన ఉన్ని టోపీలతో వచ్చిరి. అందఱును బిడ్డను ముద్దుచేసిరి. పలువురు బడిమాట యెత్తిరి. పిల్లల సంఖ్యనుబట్టి ఉపాధ్యాయుల సంఖ్య యుండును. పిల్లలు తగ్గినచో ఇద్దరు ఉపాధ్యాయుల బడి ఒకరిదగును. నాలుగేండ్ల పిమ్మట బడికి పోవలసిన పసికందును వారప్పుడే లెక్కలో వేసికొనిరి. ఆ లెక్క విన్నప్పుడు నా యాలోచన మఱియొక దారి పట్టినది. ఈ యూరు మా బిడ్డకేమిచ్చునని నేను చూచుచుండగా, మా బిడ్డ వచ్చుటవలన నూరికేమి మిగులునని వారు చూచుచుండిరి.

నా భయము పూర్తిగా తీరలేదు. అల్లుడు తెల్లవాఱగనే కారులో నగరమునకు పోవును. నేను వచ్చివేసిన పిమ్మట అమ్మాయి చంటిబిడ్డతో ఆ పొలముల నడుమ చీకటిపడువఱకు ఒంటరిగా నుండవలెను. శీతకాలమున అచ్చట నాలుగున్నరకే చీకటి పడును. అయినను ఇల్లు మార్చుమని నేను చెప్పలేదు. విమానమెక్కుటకు ముందు రెండు మాటలు మాత్రము చెప్పితిని. కారు నడుపుట నేర్చుకొమ్మంటిని. నేర్చుకొనిన తరువాతగూడ శుక్రవారమున బిడ్డనెత్తుకొని, పెద్దమ్మగారి ప్రక్కన ఆ చిన్న బస్సులోనే పొమ్మంటిని.