దోఫీనే కొండల దుంప

ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ భాగంలో, ఆల్ప్స్ పర్వతాల నడుమ, ఈజేర్ నది ఒడ్డున గ్రెనోబుల్ నగరం వెలసింది. పడమట వెర్కోర్, ఉత్తరాన షార్త్రూజ్, తూర్పున బెల్‌దోన్ పర్వతశ్రేణులు దానికి కోటగోడలు. ఒకనాడు ఇది దోఫీనే సీమకు రాజధాని. 1349లో ఈ సీమ ఫ్రెంచి రాజవంశం వశమైన పిదప అక్కడి యువరాజులకు 'దోఫాన్' అనే బిరుదు సంక్రమించింది. ఆ బిరుదు రాచరికంతోపాటే అంతరించింది. కాని దోఫీనే పేరును నేటికీ దేశదేశాల వంటిళ్లకు చేరుస్తున్నది ఒక సామాన్యమైన బంగాళాదుంప వంటకం: 'గ్రతాన్ దోఫినువా'.

ఎత్తైన ఈ కొండల్లో శీతకాలం సుదీర్ఘం, వంటచెరకుకు కొరత. విలార్ దారేన్ అనే పల్లెలో పూర్వం రై ధాన్యపు రొట్టెలను ఏడాదికి ఒక్కసారే ఊరుమ్మడి పొయ్యిలో కాల్చుకొనేవారు. అవి ఎండి రాళ్లవలె గట్టిపడేవి. ఇటువంటి చోట మట్టిలో దాగి పెరిగే దుంప ఎంతటి వరమో వేరే చెప్పనక్కరలేదు. 'కార్తూఫ్ల్' అనే దుంప స్విట్జర్లండు నుండి దోఫీనేకు వచ్చిందని ఒలివియే ద సెర్ 1600లో వెలువరించిన తన వ్యవసాయ గ్రంథంలోనే వ్రాశాడు. ఫ్రాన్సులో పలుచోట్ల మాత్రం బంగాళాదుంపను చాలాకాలం పశువుల మేతగానే చూశారు. తింటే కుష్ఠువ్యాధి వస్తుందని భయపడినవారూ ఉన్నారు. ప్రష్యాలో యుద్ధఖైదీగా ఆ దుంపలే తిని బ్రతికిన ఔషధశాస్త్రజ్ఞుడు పర్మాంతియే 18వ శతాబ్దంలో ఎంతో ప్రచారం చేసి ఆ అపోహను తొలగించవలసి వచ్చింది.

1788 జూన్ 7న గ్రెనోబుల్ ప్రజలు తిరగబడ్డారు. స్థానిక న్యాయాధికారులను నగరం నుండి వెళ్లగొట్టాలన్న రాజాజ్ఞకు ఆగ్రహించి, ఇళ్ల కప్పులెక్కి సైనికులపై పెంకులు విసిరారు. అయిదేళ్ల బాలుడుగా ఆ దృశ్యాన్ని చూసినవాడే తరువాతి కాలంలో స్తెందాల్ పేరుతో నవలాకారుడుగా ప్రసిద్ధికెక్కాడు. ఆ రోజు జనం ముట్టడించినది సీమ సేనాధిపతి క్లెర్మాన్-తొనేర్ ప్రభువు నివాసాన్ని. నెల దాటిన కొద్ది రోజులకే, జూలై 12న, అదే ప్రభువు గాప్ పట్టణపు అధికారులకు విందు చేశాడు. వడ్డించిన వాటిలో ఓర్టోలాన్ అనే చిన్న పిట్టల మాంసమూ, దానితోపాటు ఈ దుంపల వంటకమూ ఉన్నాయి. 'గ్రతాన్ దోఫినువా' పేరు మొదటిసారి వినవచ్చేది ఆ విందు సందర్భంలోనే. మరి తొమ్మిది రోజులకు విజీల్ కోటలో సమావేశమైన ప్రతినిధులు దేశ ప్రతినిధిసభను పిలవాలని కోరారు. మరుసటి ఏడు విప్లవం వచ్చింది.

వంటకం మాత్రం నిరాడంబరమైనది. మట్టిపాత్ర లోపలి భాగాన్ని వెల్లుల్లి రెబ్బతో రుద్ది వెన్న పూస్తారు. కిలో దుంపలను చెక్కుతీసి, రూపాయి బిళ్లంత పలుచగా చక్రాలుగా తరుగుతారు. తరిగిన ముక్కలను కడగరాదు. వాటిలోని పిండి పదార్థమే పాలను చిక్కబరుస్తుంది. పొరలు పొరలుగా పేర్చి, ఉప్పు, మిరియాలపొడి, చిటికెడు జాజికాయపొడి చల్లి, ముక్కలు మునిగేటట్లు పాలూ మీగడా కలిపి పోస్తారు. సన్నని సెగపై ఓవెన్‌లో సుమారు గంటన్నర ఉడకనిస్తారు. ఇందులో జున్నుగాని కోడిగ్రుడ్డుగాని చేర్చరాదని సంప్రదాయవాదుల పట్టుదల.

'గ్రతాన్' అనే మాట గోకుట అన్న అర్థంగల క్రియనుండి పుట్టింది. పాలు కాచిన గిన్నె అంచున అంటుకొన్న మీగడను గరిటెతో గోకి తినే తెలుగింటి పిల్లలకు ఆ మాటలోని రుచి ఇట్టే బోధపడుతుంది. పైన బంగారు రంగుకు తిరిగిన పొర కోసం దోఫీనే పిల్లలూ అలాగే పోటీపడతారు.

ప్రభువుల పళ్లేలలో వెలిగిన ఓర్టోలాన్ పిట్ట వేటను ఫ్రాన్సు తరువాత నిషేధించింది. దాని ప్రక్కన వడ్డించిన కొండజాతి దుంప మాత్రం ప్రతి ఇంటి బల్లమీదా నిలిచింది.